పదకొండో మెట్టు

కాఫీతో కలిపి మూడొందలు టికెట్టు.
గది తీసుకోనివాళ్ళు కూడా ఆదివారం పూట
హోటల్ చంపావతి చూడొచ్చునట.
చేతికి కాగితపు పట్టీ చుట్టారు,
పెద్దాసుపత్రిలో పురిటిబిడ్డకి కట్టినట్టు.

ముందు గుమ్మంలోంచి నేనెప్పుడూ రాలేదు.
వెనక, బొగ్గుల గది పక్కనుంచి,
ఆరేసిన దుప్పట్ల కింద వంగి,
అమ్మకి చద్దిగిన్నె అందించి పారిపోయేదాన్ని.

గైడు పిల్ల పేరు హిమజ, జేబు మీద రాసుంది.
మొదలియార్ గారి గురించి ఊపిరాడకుండా చెబుతోంది:
మద్రాసులో రెండు కాలేజీలు, రంగూన్లో ఒక మార్కెట్టు,
విజయనగరంలో ఇదొక్కటే.
రైలు దిగిన దొరలకి, జమీందార్ల చుట్టాలకి,
గోగునార బేరగాళ్ళకి
ఎండ తెలియకూడదని గీసిన భవనం.
గోడ మందం ఇరవై ఏడు అంగుళాలు.
బాగుచెయ్యడానికి మూడేళ్ళు పట్టింది.
సిమెంటంతా గీకేసి, గానుగ సున్నంలో
బెల్లం, కరక్కాయ నీళ్ళు, కోడిగుడ్ల సొన కలిపి...
"ఆమ్లెట్ వేసుకోవలసింది" అన్నారు వెనకనుంచి ఎవరో.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గోడకి చెయ్యానించాను.
ఉడికించి ఒలిచిన గుడ్డులాగే ఉంది, నున్నగా, చల్లగా.
నాకు తెలిసిన గోడ ఇది కాదు.
దానికి ఆకుపచ్చ ఆయిల్ పెయింటు,
మూలన కిళ్ళీ మరకలు,
స్విచ్చి చుట్టూ వేళ్ళ నలుపు.
గీకిందంతా ఎక్కడ పారబోశారని
అడుగుదామనుకుని ఊరుకున్నాను.

మెట్లు. బర్మా టేకు కమ్మీ.
నేను లెక్కపెట్టలేదు, కాళ్ళే లెక్కపెట్టాయి.
పది దాటగానే
కుడికాలు తనంతట తాను అంగుళం ఎక్కువ లేచింది.
ముందున్న పెద్దమనిషి తూలి కమ్మీ పట్టుకున్నాడు.

దీనికోసమే చూస్తున్నట్టు హిమజ ఆగింది.
"పొరపాటు కాదండీ.
ఈ ఒక్క మెట్టూ కావాలనే ఎత్తుగా పెట్టారు.
ఇక్కడ మనం ఆగాలి. ఆగి, తల ఎత్తాలి."

అమ్మ చెప్పే కథ వేరు.
"మొదలియారూ లేదు, గాడిదగుడ్డూ లేదు.
కంటకాపల్లి నుంచి రాయిబండి రాలేదు ఆ పొద్దు.
ఎర్రన్న మేస్త్రి దొరికిన బండేసీసి ఎల్లిపోనాడు.
సరిసెయ్యడానికి మళ్ళీ కూలెవుడిస్తాడు?"
ఆవిడా చూసింది కాదు, ఆవిడ అత్తగారి మాట.
కానీ పన్నెండు దుప్పట్ల మూట నెత్తినెట్టుకుని
రోజుకి ఎనిమిదిసార్లు, పందొమ్మిదేళ్ళు
ఆ మెట్టుని తిట్టుకుంటూ ఎక్కింది మాత్రం ఆవిడే.
కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మొదటిరోజు పాఠం అదే:
"పదకొండోది మాయలమారిది. సూసుకో నాయనా."

మా ఇంట్లో అది మెట్టు పేరుగా ఆగలేదు.
నెల్లిమర్ల మిల్లుకి తాళాలేసి
నాన్న సైకిలు నడిపించుకుంటూ వచ్చిన రాత్రి
"పదకొండోదొచ్చింది" అంది, అంతే.
తరవాత ఆవిడ మోకాలు. అదీ కుడిదే.

అందరూ ఫోన్లెత్తారు. నేను తలెత్తాను.
అనుకున్నదానికన్నా చాలా పైన, గుండ్రటి కిటికీ.
రంగులేమీ లేవు, ఉత్త తెల్లగాజు.
అందులో సరిగ్గా పట్టేంత
ఒక కొండ భుజం,
దానిమీద నింపాదిగా జరుగుతున్న మబ్బు నీడ.
నీడ అంచు దాటేదాకా కదల్లేకపోయాను.

కావాలనే పెట్టాడేమో మరి.
నెత్తిన మూట లేనివాళ్ళకోసం.

కాఫీ బాగుంది. కప్పు మరీ చిన్నది.

రాత్రి గాజులరేగలో, అమ్మ మోకాలికి నూనె రాస్తూ
కిటికీ సంగతి చెప్పాను. కొండ సంగతి కూడా.
జాలిపడుతుందనో, కోప్పడుతుందనో చూశాను.
"ఆ గుండ్రందా? తెలీకేం.
అప్పారావని ఒకడుండీవోడు తుడవడానికి.
నిచ్చెన సాలక పై సగం ఒగ్గేసీవోడు, ఎదవ" అంది.
కాసేపాగి,
నా మణికట్టు మీది కాగితపు పట్టీని గోటితో గీకుతూ,
"ఇప్పుడెవులు తుడుస్తన్నారేటి?"

నేను కనుక్కోలేదు.